టెక్సస్‌లోని ఫానిన్ కౌంటీలో 12 ఎకరాలు చూశాం: ఉండటానికి, కష్టకాలానికి పనికొస్తుందా ఎలా తేల్చుకోవాలి?

రేగడి_బిడ్డ:

అందరికీ నమస్కారం. మేం డల్లాస్ పక్కన ప్లానోలో ఉంటున్నాం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఏడాదిలో ఆరు నెలలు మా నాన్న. మాది నంద్యాల వైపు. నాన్న నల్లరేగట్లో పత్తి, శనగ వేసేవాడు.

2021 ఫిబ్రవరి మంచు తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు మేం అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం, స్టవ్‌తో సహా అంతా కరెంటే. రెండు రాత్రులు కరెంటు లేదు, మూడో రోజు నీళ్ళు కూడా పోయాయి. పాపకు అప్పటికి ఏడు నెలలు. బయట పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేసి, హీటర్ ముందు పాల సీసా పట్టుకుని కూర్చున్నాను, అది గోరువెచ్చన కావడానికి అరగంట పట్టింది. ఇంట్లో సగం బస్తా సోనామసూరి ఉంది, వండే దారి లేదు. ఒక రైతు కొడుకునై ఉండి పిల్లకు గోరువెచ్చని పాలు ఇవ్వలేకపోయానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

అప్పటినుంచీ ఒకటే ఆలోచన, కాస్త నేల, సొంత నీళ్ళు, నాలుగు కూరగాయలు, కరెంటు పోయినా వారం పది రోజులు బతకగలిగే ఇల్లు. ముందు వీకెండ్లకు వెళ్ళి పనులు చేసుకుని, ఐదారేళ్ళలో అక్కడికే మారిపోవాలని. నాకు సగం రోజులు ఇంటినుంచే పని.

బాన్‌హమ్‌కి దక్షిణంగా 12 ఎకరాలు చూశాం. ఇంటినుంచి గంటకు కాస్త ఎక్కువ. పదెకరాలు గడ్డి, మిగతాది చెట్లు, ఒక చిన్న కుంట, పాత బోరు ఒకటి (ఇప్పుడు నడవడం లేదు), ఒక పక్క కౌంటీ రోడ్డు. నాన్న కారు దిగగానే పిడికెడు మట్టి తీసి నలిపి "ఇది మన నేలే రా" అన్నాడు. ఆయన ముఖం చూస్తే అప్పుడే అడ్వాన్స్ ఇచ్చేయాలనిపించింది.

కానీ రాత్రిళ్ళు కూర్చుని చదువుతుంటే టెన్షన్ పెరుగుతోంది. ఒక వీడియోలో ఆ ప్రాంతం బ్రహ్మాండం అంటారు, ఇంకోదాంట్లో టెక్సస్‌లోనే వద్దంటారు. ఫెమా (విపత్తులు చూసే అమెరికా కేంద్ర సంస్థ) వాళ్ళ రిస్క్ ఇండెక్స్ తెరిచి చూశాను, రంగులు కనిపించాయి గానీ వాటితో ఏం చేయాలో తెలియలేదు. అక్కడ, చుట్టుపక్కల కౌంటీల్లో నిజంగా ఉంటున్నవాళ్ళు చెప్పండి, ఒక కౌంటీ మనకు పనికొస్తుందో లేదో మీరు ఏం చూసి తేల్చుకున్నారు? మేమింకా హెచ్‌1బి మీదే ఉన్నాం, గ్రీన్‌కార్డు లైన్లో. దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

ఏడో_బోరు:

తమ్ముడూ, మీ పోస్టు చదివి ఆగలేక రాస్తున్నాను. మాది అనంతపురం. మా నాన్న ఆరు బోర్లు వేసి ఆరూ ఎండిపోతే ఏడోది వేయడానికి అమ్మ గాజులు అమ్మాడు. అందుకే నేను ఎక్కడ భూమి చూసినా ముందు నీళ్ళ గురించే అడుగుతాను. గ్రేసన్ కౌంటీలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, ఫానిన్ మాకు పక్కనే.

ముందు ఒక మాట. కౌంటీ మొత్తానికి మార్కులు వేసే జాబితాలు పక్కన పెట్టండి. ఫెమా ఇండెక్స్ మంచిదే, వరద, సుడిగాలి, మంచు, కరువు లాంటి 18 రకాల ప్రమాదాలకు లెక్క చూపిస్తుంది, కౌంటీలను పోల్చుకోవడానికి పనికొస్తుంది. కానీ మీరు కొనేది 12 ఎకరాలు. ఫానిన్ జనాభాలో మన మండలమంత, 2020 లెక్కల్లో 36 వేలకు కాస్త తక్కువ, విస్తీర్ణంలో మాత్రం చాలా పెద్దది. ఉత్తరాన రెడ్ రివర్ పక్క ఇసుక నేలలు, దక్షిణాన నల్లరేగడి. రెండుచోట్ల నీళ్ళు వేరు, పంట వేరు, ఇంటి పునాది కూడా వేరే.

ఆ పాత బోరు సంగతి ముందు తేల్చండి. టెక్సస్ వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు వెబ్‌సైట్లో బోరు వేసినవాళ్ళు ఇచ్చిన రిపోర్టులు ఉంటాయి, ఉచితం. మ్యాప్‌లో మీ స్థలం చుట్టూ రెండు మైళ్ళలో ఎన్ని బోర్లున్నాయి, ఎంత లోతులో నీళ్ళు పడ్డాయి, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు వచ్చాయి, నీళ్ళు ఏ మట్టంలో నిలిచాయి, అన్నీ చూడండి. బ్రోకరు మాటకంటే అది నమ్మొచ్చు. ఆ వైపు నీళ్ళు వుడ్‌బైన్, ట్రినిటీ అనే పొరల్లో ఉంటాయి. పొరలు దక్షిణానికి, తూర్పుకి వాలుగా దిగిపోతాయి, అంటే మీరు చూసిన వైపు పోయేకొద్దీ లోతు పెరుగుతుంది, నీళ్ళలో ఉప్పు కూడా పెరుగుతుంది.

నేను మోసపోయింది ఇక్కడే. నాకు అమ్మినాయన బోరు ఆన్ చేసి చూపించాడు, నీళ్ళు ధారగా వచ్చాయి, గ్లాసులో పట్టి తాగాను, బాగానే ఉన్నాయనుకున్నాను. మొదటి వేసవిలో ఆ నీళ్ళే టమాటా మళ్ళకు పారించాను. ఆగస్టుకి మట్టి పైన తెల్లగా పొర కట్టి, కింద రాయిలా బిగిసిపోయింది. టెస్టుకి పంపితే సోడియం ఎక్కువని వచ్చింది. రేగడికి సోడియం నీళ్ళు పెడితే చౌడు బారుతుందని మన ఊళ్ళో చిన్నపిల్లాడికైనా తెలుసు, నాకు మాత్రం అమెరికాలో ఆ సంగతి గుర్తు రాలేదు. ఆ మడి బాగు చేయడానికి జిప్సం వేస్తూ మూడేళ్ళు పట్టింది. కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ అగ్రిలైఫ్ వాళ్ళ ల్యాబ్ ఉంది, మట్టీ నీళ్ళూ రెండూ పరీక్ష చేస్తారు. ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ ఎలాగో భూమికి ఇది అలాగ. అడ్వాన్స్ ఇచ్చేముందే చేయించండి. బోరు నడవడం లేదంటే పక్కవాళ్ళను బతిమాలి వాళ్ళ బోరు నీళ్ళు ఒక సీసా పట్టుకోండి.

ఇంకోటి, బోరు ఉంటే నీళ్ళు ఉన్నట్టే అని అనుకోకండి. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. మంచు తుఫానులో బోర్లున్న మావాళ్ళకీ నీళ్ళు లేవు. అందుకని నేను మూడు దారులు పెట్టుకున్నాను: బోరు, ఊరి వాటర్ కో-ఆప్ (నీళ్ళిచ్చే సహకార సంఘం) వాళ్ళ మీటరు, షెడ్డు కప్పు మీద వాన నీళ్ళు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 600 గ్యాలన్ల దాకా వస్తాయి. ఇక్కడ ఏడాదికి 40 అంగుళాల పైనే పడుతుంది, మా అనంతపురానికి దాదాపు రెట్టింపు. రెండువేల అడుగుల రేకుల షెడ్డుంటే లెక్కన 48 వేల గ్యాలన్లు, చేజారేవి పోను కూడా నలుగురు జాగ్రత్తగా వాడుకుంటే చాలా వరకు సరిపోతాయి. చిక్కేమిటంటే వాన వసంతంలో, శరదృతువులో పడుతుంది, జులై ఆగస్టుల్లో ఆకాశం మొండికేస్తుంది. కాబట్టి ట్యాంకు పెద్దది కావాలి. వాన నీటి సామానుకి టెక్సస్‌లో సేల్స్ టాక్స్ కూడా లేదు.

ఊరి నీటి మీటరు గురించి కూడా ఫోన్ చేసి అడగండి. "రోడ్డు మీద లైనుంది" అని అమ్మేవాళ్ళు అంటారు, లైనున్నా కొత్త మీటరు ఇవ్వడానికి కెపాసిటీ లేదని కో-ఆప్ వాళ్ళు అనొచ్చు, లేదా పైపు మార్చే ఖర్చు మీ నెత్తిన పడొచ్చు. కాగితం మీద రాయించుకోండి.

కుంట సంగతి మాత్రం మీకు కలిసొచ్చేదే. రేగట్లో తవ్విన కుంటలో నీళ్ళు ఇంకవు, బాగా నిలబడతాయి. విచిత్రం ఏమిటంటే ఇక్కడి పశువుల వాళ్ళూ కుంటను "ట్యాంక్" అనే అంటారు, మన దగ్గర పాత ఇంగ్లీషు రికార్డుల్లో చెరువుని రాసినట్టే. 2011 కరువులో చాలా కుంటలు పగుళ్ళు తేలాయి, గడ్డి దొరక్క మందలు మందలు అమ్ముకున్నారు. ఆ ఏడాది మీరు చూసిన కుంటలో నీళ్ళున్నాయా అని పక్క పొలం ముసలాయన్ని అడగండి. పాత శాటిలైట్ ఫోటోల్లో 2011 వేసవి పెట్టి చూసినా తెలుస్తుంది.

పెరటి_గోంగూర:

అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను లామార్ కౌంటీలో, పారిస్ ఊరికి కాస్త బయట ఉంటాను, ఆరున్నర ఎకరాలు. నీళ్ళ గురించి అన్న చెప్పేశారు కాబట్టి మనుషుల గురించి, వంటింటి గురించి, గాలి గురించి చెబుతాను.

రేగడి_బిడ్డ గారూ, మీ పాప పాల సీసా దగ్గర నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ వారం మేమూ చలికి అల్లాడాం, అప్పటికి ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలే. మొదటి రాత్రే బాత్‌టబ్ నింపి పెట్టుకోవడం ఒక్కటే మేం చేసిన తెలివైన పని. రెండో రోజు పొద్దున పక్క పొలం పెద్దాయన ట్రాక్టర్ మీద వచ్చాడు, వెనక ఒక డ్రమ్ము నీళ్ళు, ఒక కట్ట కట్టెలు. అంతకుముందు ఆయనతో చేయి ఊపడం తప్ప మాట్లాడింది లేదు. "పిల్లలు ఎలా ఉన్నారు" అని అడిగి, దించి, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మా పొయ్యి మీద పప్పుచారు కాచి ఆయనకూ, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళకూ స్టీలు క్యారేజీలో పంపించాం. కొన్ని నెలలకి ఆయనకు సర్జరీ అయితే పశువులకు మేత మావారే వేశారు. అందుకే నేనేమంటానంటే, కొనకముందే ఆ రోడ్డు మీద ఎవరెవరు ఉన్నారో వెళ్ళి పలకరించండి. మనం కొత్తవాళ్ళం, రంగు వేరు, మాట వేరు, అయినా ముందు మనం పలకరిస్తే ఎక్కువమంది బాగా మాట్లాడతారు. ఎవరైనా ముఖం తిప్పుకుంటే అదీ ముందే తెలియడం మంచిది కదా.

ఊరి వలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎక్కడుందో చూడండి. పల్లెల్లో మంటలార్పేది జీతం తీసుకునేవాళ్ళు కాదు, మెకానిక్కులు, టీచర్లు, రైతులు. ఫైర్ స్టేషన్ నుంచి, హైడ్రెంట్ నుంచి ఎంత దూరం ఉన్నారో దాన్నిబట్టి ఇంటి ఇన్సూరెన్స్ మారుతుంది, కాబట్టి కొనేముందే ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించుకోండి. నిధుల కోసం వాళ్ళు పెట్టే చేపల వేపుడు విందుకు ఒకసారి వెళ్తే ఊరు మొత్తం మీకు పరిచయమైపోతుంది.

ఎమర్జెన్సీ రూమ్ ఉన్న ఆసుపత్రికి మీ స్థలం నుంచి రాత్రిపూట డ్రైవ్ చేసి టైము చూసుకోండి. మ్యాప్ చూపించే నిమిషాలు నమ్మకండి. 2010 తర్వాత పల్లె ఆసుపత్రులు ఎక్కువగా మూతపడ్డ రాష్ట్రం టెక్ససే, ఉన్నవాటిలోనూ కొన్నింట్లో కాన్పులు చేయరు. నాన్నగారు పెద్దాయన కాబట్టి ఇది మీకు నీళ్ళంత ముఖ్యం.

ఇక సుడిగాలి. 2022 నవంబర్ 4న మా కౌంటీలో పౌడర్లీ మీదుగా చాలా తీవ్రమైన ఈఎఫ్-4 టోర్నడో పోయింది. మా ఇంటికి దూరంగానే పోయింది గానీ మర్నాడు మా గడ్డిలో ఎవరిదో ఇన్సులేషన్ ముక్కలు, ఒక చిన్న పిల్ల స్కూలు పుస్తకం పేజీ దొరికాయి. ఆ పేజీ ఇంకా మా దగ్గరే ఉంది. రేగడి నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, అందుకని ఈ వైపు ఇళ్ళకు బేస్‌మెంట్లు దాదాపు ఉండవు. నేల మీదే కాంక్రీటుకు బోల్టులు బిగించే స్టీలు సేఫ్ రూమ్ పెట్టించుకున్నాం. వాతావరణ హెచ్చరికలు వినిపించే నోవా వెదర్ రేడియో కూడా ఒకటి కొనండి, అందులో మీ కౌంటీ కోడ్ పెట్టుకుంటే ఫోన్ టవర్ పడిపోయినా అర్ధరాత్రి లేపుతుంది.

పంటల గురించి నాన్నగారికి చెప్పండి: గోంగూర, బెండ, బీర, సొర, అలసంద, మిర్చి ఇక్కడ మన ఊరికంటే బాగా వస్తాయి. మార్చి చివరిదాకా మంచు భయం ఉంటుంది, నవంబర్ మధ్యలో మళ్ళీ మొదలు. మునగ చలికి కాండం దాకా చచ్చిపోయి, వేరు బతికితే వసంతంలో మళ్ళీ లేస్తుంది, మొదట్లో మందంగా ఆకులు కప్పాలి. కరివేపాకు కుండీలోనే, చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలి. పండ్ల చెట్లకు మాత్రం తొందరపడకండి. ఈ సున్నపు రేగట్లో కాటన్ రూట్ రాట్ అని ఒక శిలీంధ్రం ఉంది, జులైలో పచ్చగా ఉన్న చెట్టు వారంలో నిలువునా ఎండిపోతుంది, ఆకులు రాలవు, అలాగే వేలాడుతుంటాయి. నేను నాటిన ఆరు పీచ్ మొక్కల్లో నాలుగు అలా పోయాయి. చైనా రేగు, దానిమ్మ తట్టుకుంటున్నాయి.

నిల్వల కోసం కొత్త తిండి కొనకండి, మీరు తినేదే రెండు నెలలకు సరిపడా పెట్టుకోండి. బియ్యం, కందిపప్పు, మినుములు, చింతపండు, నూనె, ఉప్పు, ఆవకాయ, గోంగూర పచ్చడి, వడియాలు, అటుకులు. బియ్యాన్ని గాలి చొరని సంచుల్లో ఆక్సిజన్ అబ్జార్బర్ వేసి మూసేస్తే పురుగు పట్టదు. కందిపప్పుకి అమ్మ చేసినట్టు ఆముదం రాసి ఎండబెట్టి పెడతాను, అది కూడా బాగానే ఆగుతోంది.

పాసుబుక్కు:

కాగితాల సంగతి నేను చెబుతాను, ఇదే పనిలో ఉన్నాను, అయినా కొనేముందు సొంత లాయర్ని పెట్టుకోండి.

హెచ్‌1బి మీద ఉన్నవాళ్ళు భూమి కొనొచ్చు. 2025 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, అది చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా వాళ్ళ గురించి. ఇండియా ఆ జాబితాలో లేదు. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు చూసి భయపడకండి. కానీ ఆ భూమిలో గుడ్లు, కూరగాయలు అమ్మి సంపాదించాలనుకుంటే అది వేరే విషయం, మీ వీసాకి సంబంధం లేని పని అవుతుంది, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఒక్క డజను గుడ్లు కూడా అమ్మకండి.

మనకు కొత్తగా అనిపించేది ఖనిజ హక్కులు. ఇక్కడ నేల ఒకరిది, కింద చమురు, గ్యాసు ఇంకొకరిది కావొచ్చు, కింది హక్కుదారుకి పైనేల వాడుకునే అధికారం కూడా ఉంటుంది. టైటిల్ కాగితాల్లో అది ఎవరి పేరున ఉందో, పైప్‌లైన్లకు, కరెంటు లైన్లకు ఈజ్‌మెంట్లు (మన నేలను వేరేవాళ్ళు వాడుకునే హక్కులు) ఎక్కడున్నాయో చదివించుకోండి.

టెక్సస్ కౌంటీలకు జోనింగ్ అధికారం, అంటే ఏ నేలను దేనికి వాడాలో నిర్ణయించే అధికారం, దాదాపు లేదు. మీరు కోళ్ళు పెంచుకోవచ్చు, షెడ్డు వేసుకోవచ్చు, ఎవరూ అడగరు. అదే స్వేచ్ఛ పక్కవాడికీ ఉంది. ఫానిన్‌లో పెద్ద పెద్ద సోలార్ ప్రాజెక్టులు వచ్చాయి, పక్కన షెర్మన్‌లో చిప్ ఫ్యాక్టరీల వల్ల ధరలూ, వెంచర్లూ పెరుగుతున్నాయి. 2021లో నీళ్ళు నింపడం మొదలుపెట్టిన బోడార్క్ లేక్ చుట్టూ కూడా అంతే. కౌంటీ కమిషనర్ల మీటింగ్ ఎజెండాలు ఆన్‌లైన్లో ఉంటాయి, గత ఏడాదివి చదవండి, ఆ ఊరు ఎటు పోతోందో తెలుస్తుంది.

పన్ను విషయం: వ్యవసాయ విలువ కట్టిన భూమికి పన్ను చాలా తక్కువ. దాన్ని కొనసాగించాలంటే మీరూ గడ్డి కోయించడమో, పశువులకు లీజుకివ్వడమో చేయాలి. ఐదు నుంచి 20 ఎకరాల లోపు ఉంటే తేనెటీగలతో కూడా కుదురుతుంది. సాగు మానేసి వేరే వాడకానికి మారిస్తే వెనకటి మూడేళ్ళ తేడా పన్ను కట్టమంటారు.

పదెకరాలు దాటిన స్థలంలో ఇంటికీ పశువులకూ మాత్రమే వాడే చిన్న బోరుకు, రోజుకు 25 వేల గ్యాలన్ల లోపు సామర్థ్యం ఉంటే, పర్మిట్ మినహాయింపు ఉంది. అయినా మీ వైపు భూగర్భ జలాల వాడకం చూసే రెడ్ రివర్ గ్రౌండ్‌వాటర్ డిస్ట్రిక్ట్ ఉంది, వాళ్ళ రూల్స్ ఒకసారి చూడండి, రిజిస్ట్రేషన్ లాంటివి అక్కడే తెలుస్తాయి. రేగట్లో మామూలు సెప్టిక్ సరిగా ఇంకదు, ఎక్కువగా ఏరోబిక్ సిస్టమ్ (గాలి పంపి మురుగును శుద్ధి చేసేది) పెట్టిస్తారు, ఖర్చు ఎక్కువ, ఆ లెక్క బడ్జెట్‌లో వేసుకోండి. యూఎస్‌డీఏ వెబ్ సాయిల్ సర్వేలో మీ స్థలం గీత గీస్తే సెప్టిక్‌కి ఆ నేల పనికొస్తుందో లేదో చూపిస్తుంది. అలాగే ఫెమా వరద మ్యాప్.

రాత్రి_డ్యూటీ:

అందరూ భూమి గురించి చెబుతున్నారు, నేను కాస్త అడ్డం చెబుతాను, ఏమీ అనుకోవద్దు. నేను నర్సుని. 2021లో ఆ వారమంతా డ్యూటీలో ఉన్నాను. రాష్ట్రం చివరికి లెక్క తేల్చిన మరణాలు 246. ఎక్కువమంది చలికి పోయారు, కొందరు కార్బన్ మోనాక్సైడ్‌కి. గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చున్న కుటుంబాలు, ఇంట్లోకి బొగ్గుల గ్రిల్ తెచ్చుకున్న కుటుంబాలు మా దగ్గరకు వచ్చాయి. అన్నా, మీరు బయట పార్కింగ్‌లో కూర్చున్నారు కాబట్టి బతికిపోయారు. ఈ మాట గట్టిగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నేను అడిగేది ఒకటే. ఆ రోజు మీకు ఫానిన్‌లో 12 ఎకరాలు ఉండి ఉంటే ఏం చేసేవాళ్ళు? రోడ్లన్నీ గాజు పలకలు. ఏడు నెలల పాపతో గంట డ్రైవ్ చేసి వెళ్ళేవారా? వెళ్ళినా అక్కడ బోరు ఆగిపోయి ఉండేది. అక్కడికి మారేదాకా ఐదారేళ్ళు మీరుండేది ప్లానోలోనే కదా, ముందు ఆ ఇల్లు సిద్ధం చేయండి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున రెండు వారాలకి నీళ్ళు, మీ ఐదుగురికి 70 గ్యాలన్లు. బయట పెట్టి వండుకునే గ్యాస్ స్టవ్. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం. జనరేటర్ కొంటే ఇంటికి 20 అడుగుల దూరంలో, ఆరుబయటే. అనుమానమున్న నీళ్ళు మరిగించుకోవాలి, అది కుదరకపోతే వాసనలూ రంగులూ కలపని మామూలు బ్లీచ్, 6 శాతంది, గ్యాలన్‌కి 8 చుక్కలు వేసి అరగంట ఆగాలి. నాన్నగారి బీపీ మందులు నెలకు సరిపడా ఎప్పుడూ అదనంగా ఉంచండి. ఇదంతా ఒక వీకెండ్ పని, ఈ శనివారమే చేసేయండి. భూమి తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

ఏడో_బోరు:

చెల్లెమ్మ చెప్పింది ముందు చేయండి. నేను అది రాయకుండా బోర్ల గురించే రాసుకుంటూ పోయాను. భూమి దగ్గర ఉండేవాళ్ళకు ఇంకో మాట, ప్రొపేన్ ట్యాంకు సొంతం చేసుకుంటే మంచిది. 500 గ్యాలన్ల ట్యాంకులో 80 శాతమే నింపుతారు, అంటే 400. పొయ్యి, చిన్న హీటర్, జనరేటర్ మూడూ దాంతోనే నడుస్తాయి. శీతాకాలం ముంచుకొచ్చాక కాదు, వేసవిలోనే నింపించుకోవాలి.

రేగడి_బిడ్డ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ముందు అందరికీ దండం. నర్సు చెల్లి చెప్పినట్టు ఆ శనివారమే నీళ్ళ డబ్బాలు, బయట స్టవ్, అలారం తెచ్చాం. మా ఆవిడ ఆ రోజు రాత్రి కావాలనే మెయిన్ స్విచ్ ఆపేసింది, పొద్దున దాకా. బయట స్టవ్ మీద ఉప్మా చేసుకున్నాం, పాపకి పాలు ఐదు నిమిషాల్లో కాగాయి. టార్చికి బ్యాటరీలు లేవని, అగ్గిపెట్టె ఇంట్లోనే లేదని అప్పుడే తెలిసింది.

తర్వాత బాన్‌హమ్ స్థలానికి కావాలనే పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్ళాం. మామూలు రోజు చూసింది వేరు, ఆ రోజు చూసింది వేరు. కౌంటీ రోడ్డులో తూము దగ్గర నీళ్ళు రోడ్డు మీదుగా పారుతున్నాయి, కారు దాటించే ధైర్యం చేయలేదు, దూరంలో ఆపి నడిచాం. పది అడుగులు వేసేసరికి బూట్లకు కిలో మట్టి అంటుకుంది. నాన్న చెప్పులు చేతిలో పట్టుకుని ఒట్టికాళ్ళతో నడిచాడు, ఊళ్ళో నడిచినట్టే. ఇల్లు కట్టుకుందామనుకున్న మెరక చుట్టూ మోకాలి లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఫెమా మ్యాప్‌లో ఆ భాగం బయటే ఉంది, కానీ నీళ్ళు కళ్ళముందు ఉన్నాయి. పక్క పొలం ఆవిడ కంచె దగ్గరకు వచ్చి మాట్లాడింది. పెద్ద వాన పడితే ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు ఆ రోడ్డు ఇంతేనట. అంబులెన్స్ కూడా రాలేదంటే మా నాన్నని అక్కడ ఎలా ఉంచగలను?

బోరు రిపోర్టు దొరికింది, బాగా లోతు. పక్కవాళ్ళ నీళ్ళు టెస్టుకి పంపాను, సోడియం ఎక్కువే. అన్న చెప్పకపోయి ఉంటే నేను కూడా గ్లాసులో పట్టి తాగి బాగున్నాయనుకునేవాణ్ణి.

ఆ స్థలం వదిలేశాం. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే "ఊళ్ళో మన చేను కూడా వాగు పక్కది కాదు కదా, మెరక మీదే కొన్నాడు మా నాయన" అన్నాడు. ఇప్పుడు 82 హైవేకి ఉత్తరంగా, ఇసుక కలిసిన నేలల్లో చూస్తున్నాం. రేగడి కాదని ఆయనకు కాస్త వెలితి ఉంది గానీ వేరుశనగకు ఇసుక నేలే మంచిదని ఆయనే అంటున్నాడు. వచ్చే శనివారం ఒకటి చూడబోతున్నాం, తొమ్మిదెకరాలు, ఊరి నీటి మీటరు ఇప్పటికే ఉంది, ఫైర్ స్టేషన్ రెండు మైళ్ళు.

ఏడో_బోరు అన్నా, తొమ్మిదెకరాలంటే ఆ పదెకరాల మినహాయింపు వర్తించదు కదా, బోరు వేయాలంటే ముందు ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

ఏడో_బోరు:

పదికి తక్కువైతే మినహాయింపు ఉందో లేదో డిస్ట్రిక్ట్ వాళ్ళ రూల్స్‌ని బట్టి ఉంటుంది, ముందు వాళ్ళకే ఫోన్ చెయ్యి తమ్ముడూ, మర్యాదగా చెబుతారు. శనివారం నేనూ వస్తాను, మా ఇంటినుంచి నలభై నిమిషాలే. ఖాళీ సీసాలు నాలుగు తీసుకురా, చుట్టుపక్కల బోర్ల నీళ్ళు పడదాం. నాన్నని కూడా తప్పకుండా తీసుకురా.